మాట నీది, జిగురు నాది

మన ఇంటి నుంచి,
పద్దెనిమిదో తేదీ, ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలికి,

అక్క ఆశీస్సులతో రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ క్షేమం తెలుపమని రాయడం పద్ధతి గానీ, నాకా అవసరం లేదు. నీ క్షేమ సమాచారాలు ఈ ఇంట్లో పొద్దున్నే టీతో పాటు అందరికీ అందుతున్నాయి. పిన్ని కొత్త కళ్లజోడు కొనుక్కుందట. పిన్ని వెనకగది ఖాళీ చేసి అచ్చుగది చేసిందట. వాళ్ల వీధి ఆడవాళ్లంతా సాయంత్రమయ్యేసరికి అక్కడే చేరుతున్నారట. నీకు తుమ్ము వచ్చేలోపే ఇక్కడ నాకు తెలిసిపోతోంది. కాబట్టి నువ్వు క్షేమం. మరిదికి నా దీవెనలు చెప్పు.

నేను ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాశావు. అందింది. ముందు మీ బావగారు పైకి చదివారు. అత్తయ్య మళ్లీ చదివించుకున్నారు. నా కూతురు పిడుగు దాన్ని పట్టుకుని మేడ మీదికి పోయి ఎంతసేపటికీ కిందికి రాలేదు. నా పేరు మీద వచ్చిన ఉత్తరం అందరికంటే ఆఖర్న, మడతలు నలిగిపోయాక, నా చేతికొచ్చింది. నువ్వు అడిగింది ఒక్కటే. మీ ఊళ్లో అచ్చుపని నేర్పే కాలేజీ ఉంది, పిల్లని చేర్పిస్తాను, రెండేళ్లూ నా దగ్గరే ఉంటుంది, పంపిస్తావా అక్కా అని. నెలాఖరుతో చేరికలు అయిపోతాయి కనక తొందరగా తేల్చమన్నావు.

తేలుస్తాను. అందుకే కూర్చున్నాను. కానీ ఔననో కాదనో ఒక ముక్క రాసి మడిచెయ్యడానికి మనసొప్పడం లేదు. లోపలున్నదంతా కక్కేశాకే జవాబు. ఓపిక పట్టి చదువు. నీ ఓపిక గురించి కూడా ఇక్కడ కథలు చెప్పుకుంటారులే.

నాకు నువ్వంటే కుళ్లు. ఇలా ముక్కుసూటిగా రాస్తే నువ్వు నవ్వుతావు, ఆ నవ్వు నాకు కనిపిస్తూనే ఉంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. మన అత్తయ్య చెయ్యెత్తే మనిషి కాదు. దాంతో నా ఏడుపు మొత్తం నీ నవ్వుకే మిగిలిపోయింది.

అసలు ఈ స్టిక్కర్ల పని ఈ ఇంట్లో ఎవరు మొదలెట్టారు? నీకు తెలిసిందే అయినా నా వైపు నుంచి ఒకసారి విను. రోడ్డు వెడల్పు చేశామని చెప్పి ఆసుపత్రి గేటు ముందున్న బస్సు స్టాపు ఎత్తేశారు. అత్తయ్యని కాలిపుండుకి కట్టు మార్పించడానికి తీసుకెళ్లేది నేను. కూడలి దగ్గర దిగి, ఆవిణ్ణి నా భుజమ్మీద వేసుకుని, దుమ్ములో గేటు దాకా నడిపించేదాన్ని. ఒకరోజు ఆవిడ సగం దారిలో కాలిబాట మీద కూలబడి, ఇక నావల్ల కాదే, నన్నిక్కడే వదిలెయ్యి, పుండు దాని దారిన అది మానుతుంది అన్నారు. పక్కన ఇంకో ఆవిడ నిండు గర్భంతో కరెంటు స్తంభం పట్టుకుని ఆయాసపడుతోంది. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, పిడుగు బడి పనులకని కొన్న ప్రింటరు మీది గుడ్డ తీసింది నేను. అర్జీలు ఇద్దాం, సంతకాలు పెట్టిద్దాం అని కాలనీ వాళ్లు చర్చలు పెట్టుకుంటుంటే, అర్జీ బల్ల కిందికి పోతుంది, స్టిక్కరు కళ్ల ముందే ఉంటుంది అన్నదీ నేనే. నువ్వప్పుడు వసారాలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్నావు.

పనంతా నాకు వెన్నతో పెట్టిన విద్య. పెళ్లికి ముందూ తర్వాతా మందుసీసాల లేబుళ్ల ప్రెస్సులో పని చేసినదాన్ని. ఏ కాగితానికి ఏ జిగురో, ఏ జిగురు ఏ ఎండకి వదులుతుందో వేళ్లకి తెలుసు. ఇంటి ప్రింటరు రంగు నీళ్లు తగిలితే కారిపోతుంది కనక పైన పల్చటి ప్లాస్టిక్ పొర వెయ్యాలన్నాను. ఆ పొర కింద గాలిబుడగ రాకుండా చెంచా వెనకభాగంతో రుద్దడం మీ అందరికీ నేర్పాను. అద్దం ముక్క మీద పెట్టి, ఇనప స్కేలు ఆనించి, బ్లేడుతో కొయ్యడం నేర్పాను. మూలలు గుండ్రంగా కొయ్యాలి, సూదిగా ఉంటే గోరు దూరుతుంది అని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు గబగబా అడ్డదిడ్డంగా కోసేసేదానివి. నీ చేతిలో అక్షరాల కింది ఒత్తులన్నీ బ్లేడుపాలయ్యేవి. ఆ మూలలన్నీ మళ్లీ నేనే సరిచేసుకునేదాన్ని. నువ్వు బాగోలేదా అక్కా అని అడిగేదానివి. బాగానే ఉందిలే అనేదాన్ని.

ఇక వాక్యం. నేను రాసిన వాక్యం నీకు గుర్తుండే ఉంటుంది, ఇంట్లో ఎవరూ మర్చిపోనివ్వలేదు కదా. ఆసుపత్రి ముఖద్వారము వద్ద బస్సు స్టాపును తక్షణమే పునరుద్ధరించవలెను. ఏం తప్పుందందులో? కావలసిన ముక్కలన్నీ ఉన్నాయి. మీ బావగారు దాన్ని చదివి, రోజుకు మూడుసార్లు, భోజనానంతరము అని కూడా చేర్చు, సీసా మీద అంటిద్దాం అన్నారు. అత్తయ్య నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగారు. నిజమే, లేబుళ్ల మీది భాష నా చేతికి అంటుకుపోయింది. అయినా కట్టుకున్నవాడు అనాల్సిన మాటేనా అది?

అప్పుడు నువ్వు దువ్వెనతోనే లోపలికొచ్చావు. నా భుజమ్మీంచి వంగి చూశావు. అంత గ్రంథం ఎవరు చదువుతారక్కా, నడవగలిగితే ఆసుపత్రికెందుకొస్తాం అని రాయి చాలు అన్నావు. అనేసి మళ్లీ జుట్టు ఆరబెట్టుకోవడానికి పోయావు.

అంతే. పిడుగు చప్పట్లు కొట్టింది.

నేను రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్న వాక్యాన్ని నువ్వు దువ్వెన చేతిలో పట్టుకుని చెప్పేశావు. ఆ వాక్యం బాగుందని నాకు మొదటి క్షణంలోనే తెలిసింది. బాగోకపోతే నాకింత మంట ఉండేది కాదు. అందుకే రెండూ వేద్దాం, జనం ఏది ఒప్పుకుంటే అదే అన్నాను. న్యాయంగా మాట్లాడినట్టు అందరూ తలూపారు.

ఇప్పుడు నువ్వు ఎరగని సంగతి ఒకటి చెబుతాను. నాకు మంచి ప్లాస్టిక్ స్టిక్కరు షీట్లు కొన్నీ, నాసిరకం పల్చటి కాగితం షీట్లు కొన్నీ దొరికాయి. నా వాక్యానికి మంచివి వాడాను. నీ వాక్యానికి నాసిరకం వేశాను. ఎండకి వెలిసిపోయి, అంచులు చిరిగి, వారానికల్లా నీ మాట ఊళ్లో లేకుండా పోతుందని నా లెక్క. ఏమైందో తెలుసా? ఆసుపత్రిలో ఊడ్చే ఆవిడ నా స్టిక్కరు మూల గోటితో పట్టుకుని ఒక్క లాగు లాగితే చక్కగా, అరటితొక్కలా వచ్చేసింది. మంచి షీటు కదా మరి. నీది లాగితే గోరంత ముక్క ఊడింది, మిగతాది అక్కడే ఉంది. ఇంకోసారి గీకితే ఇంకో గోరంత. ఇది వదిలే రకం కాదమ్మా అని ఆవిడ విసుక్కుని చీపురు పట్టుకుని పోయింది. పదహారేళ్లు జిగురుతో కాపురం చేసినదాన్ని, ఆ సంగతి నాకు తట్టకపోవడమేమిటి! కళ్లలో నిప్పులు పోసుకుంటే కళ్లు కనపడవు అంటారే, అదే అయింది. వారం తిరిగేసరికి ఊళ్లో నా మాట ఒక్కటీ లేదు. ఎటు చూసినా నువ్వే.

ఇక ఆ తర్వాత అంతా నీ వాక్యమే వేశాను. ఏం చేస్తాను, పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అది అప్పటికే దాటేసింది. కానీ చెల్లీ, ఒక్క మాట అడుగుతాను, నీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. ఆ మాట జనం కళ్లలో పడేట్టు చేసింది ఎవరు? మిగతావాళ్లు ఖాళీ గోడ కనపడితే చాలు అంటించి వచ్చేవాళ్లు. నేను ముందు నిలబడి చూసేదాన్ని. మనిషి కదలకుండా ఎక్కడ ఆగుతాడో అక్కడ పెట్టాలి. బరువు చూసే యంత్రం ముందు కళ్లకి ఎదురుగా. చీటీ కిటికీ దగ్గర, వరసలో ఉన్నవాళ్ల తల తగిలే ఎత్తులో. బస్సులో ముందు సీటు వీపు మీద, కండక్టరుని అడిగి. మంచినీళ్ల పంపు పైన, గ్లాసు నిండే దాకా చూస్తూ ఉండాలి కదా. అడక్కుండా ఒక్కటి కూడా అంటించలేదు. మందుల కొట్టాయన మొదట ససేమిరా అన్నాడు. నీ కొట్టుకొచ్చేవాళ్లంతా కుంటుకుంటూ వస్తున్నారు చూడు అని చెప్పి గల్లాపెట్టె పక్కనే చోటు సంపాదించాను. ఈ పని ఎవరికీ కనపడదు. స్టిక్కరు మీద మాట ఉంటుంది గానీ, ఇక్కడ అంటించాలని తోచిన బుర్ర ఉండదు.

తర్వాత మరిదికి బదిలీ అయింది, మీరు వెళ్లారు. అబద్ధమెందుకు, బల్ల దగ్గర నాకు కాస్త ఊపిరాడింది. ఇక అంతా నా చేతిలోనే ఉంటుంది అనుకున్నాను. పిడుగు అద్దం ముక్క దగ్గర నీ చోట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. కోస్తూ కోస్తూ పిన్నయితే ఇక్కడ ఇలా అనేది అనేది. పిన్ని ఉంటే ఇప్పుడు ఒక పాట అందుకునేది అనేది. లేని మనిషితో పోటీ పడటం ఎంత కష్టమో నీకు తెలియదు. ఉన్న మనిషి కనీసం మూలలు వంకరగా కోస్తుంది.

కిందటి నెల స్టాపు తిరిగి పెట్టారు. ఆ రోజు సభ సంగతి నీకు చెప్పక్కర్లేదు, సభకని మీ ఊరి నుంచి వచ్చి వేదిక మీద కూర్చున్నది నువ్వే. నేను వెనక కుర్చీల్లో అత్తయ్య పక్కన ఉన్నాను. డిపో మేనేజరు లేచి, ఎక్కడికెళ్లినా ఈ ప్రశ్నే నన్ను నిలదీసింది, ఆఖరికి మా ఆఫీసు లిఫ్టులో కూడా తలుపు మూసుకోగానే ముఖమ్మీదే కనపడింది, జవాబు చెప్పలేక స్టాపు పెట్టేశాం, ఇంతకీ దీన్ని రాసినవారెవరు అన్నాడు. అందరూ నిన్ను చూపించారు. పూలగుత్తి నీ చేతికొచ్చింది. ఆ లిఫ్టు నడిపే మనిషిని బతిమాలి, తలుపు లోపలివైపు చోటు చూసి అంటించినది నేను. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేగా?

నువ్వు ఊరుకున్నా బాగుండేది. మైకు పట్టుకుని, మాట నాదే గానీ పని మొత్తం మా అక్కది, అక్క లేకపోతే ఇది వసారా దాటేది కాదు అన్నావు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి చప్పట్లు కొట్టారు. నాకు ఇంకా మండింది. తెలివి నీదే, పేరు నీదే, ఆఖరికి పెద్దమనసు కూడా నీదేనా? అదొక్కటైనా నాకు వదలకూడదా? అప్పుడే పిడుగు కుర్చీ ఎక్కి నిలబడి, మా పిన్ని, మా పిన్ని అని అరిచింది. గొంతు బొంగురుపోయేలా అరిచింది. నేను దాని పక్కనే ఉన్నాను చెల్లీ. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. ఆ రోజు నుంచి నీ ఫోన్ ఎత్తలేదు. కారణం నీకు అర్థం కాలేదని రాశావు. ఇప్పుడైంది కదా.

సరే, పిడుగు సంగతి. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, పంపనని చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. రెండూ లేవు. నోరు మూసుకుంది. ఆ రోజు నుంచి నాతో ఒక్క మాట లేదు. కానీ ఇల్లంతా మాట్లాడటం మొదలుపెట్టింది. నా ప్రింటరు మీద, నా షీట్ల మీద, నా మీదే ఉద్యమం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారని కాబోలు.

పొద్దున్న టీ పెడదామని పొడిడబ్బా తీస్తే దాని మీద, మూత తియ్యండి, ఊపిరాడటం లేదు అని ఉంది. మీ బావగారి కళ్లజోడు పెట్టె మీద, చూసీ చూడనట్టుండటం కూడా నేరమే అని. ఆయన అది చదివి గతుక్కుమని, అప్పటి నుంచి కళ్లజోడు చేత్తో పట్టుకు తిరుగుతున్నారు. అత్తయ్య చేతికర్ర మీద, నేను పిల్ల వైపు అని. ఆవిడ దాన్ని చించెయ్యకపోగా అందరికీ కనపడేట్టు కర్ర తిప్పి పట్టుకుంటున్నారు. నా అద్దం మీద, బొట్టు పెట్టుకునే చోట, ఎదురుగా ఉన్న మనిషి ఒప్పుకుంటే చాలు అని అంటించింది. నేను ఎటు జరిగినా ఎదురుగా ఉన్న మనిషిని నేనే. అక్కడే నిలబడి కోపం తెచ్చుకుందామని చూశాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపమే వచ్చింది, ఎందుకంటే అది అచ్చం నీ నవ్వు. నీ వాటం, నీ విరుపు. నా కడుపున పుట్టి నీ నోటితో మాట్లాడుతోంది.

నిన్న వీధి తలుపు లోపలివైపు, గొళ్లెం పక్కన, కొత్తది కనిపించింది. వెళ్లనిస్తేనే కదా తిరిగొచ్చేది.

గొళ్లెం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. మార్కెట్టుకని బయల్దేరినదాన్ని, సంచీ పట్టుకుని వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాను. నిజం చెప్పు, అది నువ్వు ఫోన్లో చెప్పి రాయించిందే కదూ? నీది కాకపోతే అంత పదును ఎక్కడిది? నేను పిల్లకి జిగురూ, బ్లేడూ, స్కేలూ ఇచ్చాను. నువ్వు మాట ఇచ్చావు. పిల్లలు మాట ఇచ్చినవాళ్ల వెంటే పోతారు, జిగురు ఇచ్చినవాళ్ల వెంట పోరు.

ఇప్పుడు జవాబు. పంపను.

కారణాలు కావాలంటే రాస్తాను. ఒకటి, అత్తయ్యకి మనవరాలు పక్కన లేకపోతే పొద్దుపోదు, కట్టు మార్పించడానికి ఇప్పుడు ఆవిణ్ణి బస్సులో తీసుకెళ్లేది కూడా అదే. ఇక నీ ఇల్లు చూడబోతే రెండు గదులది, అందులో ఒకటి అచ్చుగదికి పోయింది, ఎదిగిన పిల్ల ఎక్కడ చదువుకుంటుంది? దానికి నీళ్లు మారితే పడదు, చిన్నప్పుడు ఊరు మారినప్పుడల్లా జ్వరం. అచ్చుపని నేర్చుకోవాలంటే ఆ పని తెలిసిన తల్లి ఇంట్లోనే ఉంది, కాలేజీలో దీనికంటే ఏం చెబుతారు? పైగా మీ బావగారికి కూడా ఇష్టం లేదు. అంటే ఆయన ఇష్టముందని చెప్పలేదు. కళ్లజోడు వెతుక్కుంటున్నారు.

ఇవన్నీ చదివి నీకు కోపమొస్తే రానీ. నాకు ఇన్నాళ్లూ వచ్చింది. మరిదిని అడిగానని చెప్పు. ఆరోగ్యం జాగ్రత్త, నువ్వు రంగులతో పని చేసేటప్పుడు కిటికీలు తెరవవని విన్నాను, తెరుచుకో.

ఇట్లు,
నీ మీద కుళ్లున్నా నీ మేలే కోరే
అక్క.

తా.క.: సోమవారం పొద్దున్న.

పైన రాసినదాంట్లో ఒక్క అక్షరం కొట్టెయ్యను. కుళ్లు అంతా నిజమే. కారణాలు మాత్రం ఒక్కటీ నిజం కాదు. అత్తయ్యని బస్సు గేటు ముందే దింపుతోంది, ఆవిడకి ఎవరి భుజమూ అక్కర్లేదు. పిల్లకి జ్వరమొచ్చి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. నా భయం ఒక్కటే. నీ దగ్గర నాలుగు రోజులుంటే, అద్దం ముక్క దగ్గర కూర్చుని అమ్మయితే ఇక్కడ ఇలా అనేది అని అది ఎప్పుడూ అనదేమోనని.

నిన్న ఈ ఉత్తరం కవర్లో పెట్టి, బయటి బల్ల మీద ఉంచి, పోస్టు డబ్బాలో వేసి రమ్మని పిడుగుకి చెప్పాను. అది ఒక్క మాట అడగలేదు. తీసుకుని వెళ్లింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. డబ్బా దాకా పోయింది, కవరు అటూ ఇటూ తిప్పింది, నిలబడింది. డబ్బాలో వెయ్యకుండా వెనక్కి తిరిగింది.

గుమ్మంలోకి వచ్చి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పి, స్టాంపు అంటించలేదమ్మా, కవరు మూత కూడా అంటించలేదు అంది. చూస్తే నిజమే. స్టాంపు బల్ల మీదే ఉంది. ఊరంతా అంటించి వచ్చినదాన్ని, నా ఉత్తరానికి నేనే అంటించుకోలేదు.

చదివావా అని అడిగాను. పిన్నికి రాసింది నేనెందుకు చదువుతాను అంది. ఏం రాశానో తెలుసా అన్నాను. తెలుసు, పంపనని రాశావు అంది. తెలిసీ ఎందుకు వెనక్కి తెచ్చావే, అలాగే పడేస్తే ఎక్కడో పోయేది, పిన్నికి జవాబే అందేది కాదు కదా అన్నాను.

అది నా వంక చూసి, అంతసేపు కూర్చుని రాశావు కదమ్మా, పోతే ఎలా అంది.

కవరు నా చేతిలో పెట్టి, స్టాంపు తెచ్చిస్తావా అని అక్కడే నిలబడింది. నేను స్టాంపు తేలేదు చెల్లీ. అటక మీంచి పెట్టె దింపాను.

కవరు ఇప్పుడు తిప్పి చూడు. దాని మీద ఇప్పటికీ స్టాంపు లేదు. ఇది పోస్టులో రాలేదు. తెచ్చిన పిల్లని గుమ్మంలోనే నిలబెట్టి ఇదంతా చదువుతున్నావు కదూ? చాలు, లోపలికి పిలువు. దారంతా ఏమీ తిని ఉండదు, ప్రయాణంలో దానికి ఆకలి తెలియదు. నీ దగ్గర అది నా దగ్గరకంటే ఎక్కువ నవ్వుతుంది. నవ్వనీ. ఆ సంగతి మాత్రం నాకు రాయకు.